వీధి దాకా వచ్చే తీర్మానం

తెల్లవారుజామున అయిదు గంటలకు మియాపూర్ చౌరస్తాలో మెట్రో స్తంభాల మధ్య వీధిదీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. రాత్రంతా నడిచొచ్చిన ప్రైవేటు బస్సులు రోడ్డు వారన ఆగి, నిద్రమొహాల పిల్లలను, బియ్యం సంచులను, పచ్చడి డబ్బాలను దింపి వెళ్తుంటాయి. ఆటోవాళ్లు బాచుపల్లి, ప్రగతినగర్ అని కేకేస్తుంటారు. ఆ సందడికి ఒక పక్కగా చీపురు చప్పుడు వినిపిస్తుంది. తలకు కొంగు బిగించి, చీర మీద రేడియం పట్టీల జాకెట్ తొడుక్కున్న ఒక అక్క డివైడర్ అంచు వెంట ఇసుకమన్ను ఊడుస్తూ, జానెడెత్తు కుప్పలు పెట్టుకుంటూ పోతుంది. లారీ వస్తే ఒక అడుగు పక్కకు జరుగుతుంది. లారీ పోగానే మళ్లీ విడిచిన చోటికే వస్తుంది. మొదటి మెట్రో రైలు తల మీదుగా వెళ్లేసరికి ఆమె వంతు రోడ్డు సగం పూర్తవుతుంది.

ఆమె పేరు ఏ పత్రికలోనూ రాదు. కానీ ఆమె లాంటివారి బతుకు తరచూ ఒక కాగితం మీద ఒక వరుసగా వస్తూ ఉంటుంది. ‘ఔట్‌సోర్సింగ్ సిబ్బంది సేవలను మరో ఏడాది కొనసాగించుటకు ఆమోదం కోరడమైనది’ అన్న తరహా వాక్యం అది. కార్పొరేషన్ స్టాండింగ్ కమిటీ ఎజెండాలో అలాంటి అంశాలు పదో పదిహేనో ఉంటాయి. చదవడానికి అర నిమిషం పడుతుంది. ఎవరూ అభ్యంతరం చెప్పరు, చెప్పవలసిన పనీ లేదు. ‘ఆమోదమైనది’ అని రాసుకుని తరువాతి అంశానికి వెళ్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఓ మూల ‘స్టాండింగ్ కమిటీలో పలు అంశాలకు ఆమోదం’ అని నాలుగు వాక్యాల వార్త కనిపిస్తుంది. ఆ నాలుగు వాక్యాల్లో ఎన్ని ఇళ్ల పొయ్యి ఉందో, ఎన్ని వీధుల వెలుగు ఉందో ఆగి చూసే తీరిక మనకు ఉండదు.

అసెంబ్లీ సమావేశాలంటే టీవీ పెట్టుకుని కూర్చుంటాం. కేంద్ర బడ్జెట్ రోజున ఆఫీసులో పని పక్కన పెట్టి ఆదాయపన్ను శ్లాబులు లెక్కవేసుకుంటాం. మన ఇంటి ముందు మురుగు ఎటు పోవాలో, మన పిల్ల నడిచే కాలిబాట ఎంత వెడల్పు ఉండాలో నిర్ణయించే సమావేశం ఎప్పుడు జరిగిందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. అక్కడ జరిగేది గొప్ప రాజకీయం కాదు గనుక ఆసక్తి ఉండదని అనుకోవచ్చు. అయినా ఆ మామూలు పనుల మీద మనం కొంచెం మనసు పెట్టాలని మేం నిజంగా కోరుకుంటున్నాం. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

1955 నాటి చట్టం ప్రకారం మన గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థకు (జీహెచ్‌ఎంసీకి) మూడు అంగాలు ముఖ్యం. కార్పొరేటర్లందరూ కూర్చునే సర్వసభ్య సమావేశం ఒకటి, కార్పొరేటర్లు తమలోంచే ఎన్నుకున్న పదిహేనుమంది స్టాండింగ్ కమిటీ ఒకటి, పనులు నడిపే కమిషనర్ ఒకరు. సర్వసభ్య సమావేశం మాటెత్తితే మనకు గుర్తొచ్చేది పోడియం దగ్గర నినాదాలు, ప్లకార్డులు, వాకౌట్లు. టీవీలు చూపించేది అదే. స్టాండింగ్ కమిటీ గదిలో ఆ హడావుడి ఉండదు. ఫైలు తరువాత ఫైలు వస్తుంది. ఖర్చు ఒక స్థాయి దాకా కమిషనర్ మంజూరు చేస్తారు, అది దాటితే కమిటీ, ఇంకా దాటితే సర్వసభ్య సమావేశం, ఆపైన ప్రభుత్వం. నగర బడ్జెట్ కూడా ఈ మెట్లు ఎక్కుతూనే పోతుంది. 2025–26 సంవత్సరానికి జీహెచ్‌ఎంసీ వేసుకున్న బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. అంత పెద్ద అంకెను ముందుగా చేతిలోకి తీసుకుని చూసేది ఆ పదిహేనుమందే.

ఆ గదిలో తరచూ కనిపించే అంశాల్లో రోడ్డు విస్తరణ ఒకటి. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా రోడ్డును ఇన్ని అడుగులకు వెడల్పు చేయడానికి ఇన్ని ఆస్తులు సేకరించాలి, రోడ్ డెవలప్‌మెంట్ ప్లాన్‌ను ఆమోదించాలి అని ఒకే వాక్యంలో ఉంటుంది. వాక్యం చిన్నదే. అది వీధిలోకి వచ్చినప్పుడు ఎలా ఉంటుందో మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట వైపు పాత ఇళ్లున్నవారిని అడగాలి. ఒకరోజు పొద్దున గేటు తీసేసరికి ప్రహరీ గోడ మీద ఎర్ర రంగుతో ఒక నిలువు గీత, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. ఆ గీతకు అవతల మిగిలేది ఇల్లు, ఇవతలిది రోడ్డు. ఇవతలి భాగంలో తులసికోట ఉంటుంది, అత్తగారు నాటిన వేపచెట్టు ఉంటుంది, కింద అద్దెకిచ్చిన జిరాక్సు దుకాణం ఉంటుంది. ఇంటాయన టేపు తెచ్చి తనే మళ్లీ కొలుచుకుంటాడు. రెండోసారి కొలిచినా అంతే వస్తుంది.

రోడ్డు వెడల్పు చేయొద్దని ఎవరూ అనరు. పాత తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 65, మీద పొద్దునపూట మదీనాగూడ నుంచి కూకట్‌పల్లి దాకా ప్రయాణం చేసినవారెవరూ అనలేరు. మా బాధ వేరు. ఆ గీత గోడ మీదికి రాకముందు చాలా రోజులు అది ఒక మ్యాపు మీద ఉంది. మ్యాపు ఒక ఫైలులో ఉంది. ఫైలు ఒక ఎజెండాలో అంశంగా వచ్చింది. అభ్యంతరం చెప్పడానికి, అటు రెండడుగులు జరపమని అడగడానికి, నష్టపరిహారమా, దానికి బదులు నిర్మాణ హక్కులిచ్చే టీడీఆర్ పత్రమా అని ఇంట్లో కూర్చుని ఆలోచించుకోవడానికి అప్పుడు వీలుండేది. ఆ వీలును వాడుకోగలిగేది ఎజెండా సంగతి ముందే తెలిసినవారు. తెలియనివారికి మొదటి సమాచారం ఎర్రరంగే. ఇద్దరూ పన్ను కట్టేవారే, ఇద్దరూ ఓటున్నవారే. ఈ తేడా తగ్గించడం కష్టమైన పని కాదు.

అదే కమిటీ ఇంకొక రోజు ఒక మంచి పని చేస్తుంది. పేదవారికి అయిదు రూపాయలకే మధ్యాహ్న భోజనం పెట్టే పథకాన్ని 2014లో మొదలుపెట్టింది ఈ కార్పొరేషనే. ఆసుపత్రి గేటు దగ్గర, అడ్డా కూలీలు నిలబడే చౌరస్తాల దగ్గర ఆ చిన్న డబ్బా గదుల ముందు వరుసలు మనం చూస్తూనే ఉన్నాం. 2025లో వాటికి ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చి, అదే అయిదు రూపాయలకు ఉదయం టిఫిన్ కూడా పెట్టాలని నిర్ణయించారు. మిగతా ఖర్చు కార్పొరేషన్ భరిస్తుంది. పేరు మార్పు మీద వారాల తరబడి మాటల యుద్ధం జరిగింది. పొద్దున ఏడింటికి అడ్డా మీదికి వచ్చే మేస్త్రీ కూలీకి ఇడ్లీయో ఉప్మానో దొరకడమన్న సంగతి మీద అంత మాట్లాడుకోలేదు. మా దృష్టిలో ఆ ఎజెండాలో విలువైన వాక్యం టిఫిన్ గురించినదే. ఖాళీ కడుపుతో నాలుగో అంతస్తుకు ఇసుక మోసే మనిషికి అది కళ్లు తిరగకుండా కాపాడే నిర్ణయం.

ఐటీ కారిడార్ వైపు వస్తే ఇంకో రకం అంశాలు. ఫలానా సంస్థ తన సామాజిక బాధ్యత నిధులతో ఫలానా చెరువునో పార్కునో కొన్నేళ్లపాటు చూసుకుంటుంది, ఒప్పందం కుదుర్చుకోవడానికి అనుమతి కావాలి అని వస్తుంది. చాలావరకు ఇవి మంచివే. గట్టు మీద నడకదారి వస్తుంది, పిల్లలకు ఊయలలు వస్తాయి. కానీ ఒప్పందంలో ఉన్న ఏళ్లు అయిపోయాక ఏమవుతుంది, గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, పొద్దునపూట పశువులను నీళ్లకు తెచ్చే పాత ఊరివారికి దారి ఉంటుందా అన్నవి ఆ కాగితంలో రెండో పేజీలో ఉండే విషయాలు. రెండో పేజీ చదివేవారు ఒక్కరైనా ఆ గదిలో ఉండాలి. ఆ చదివినదాన్ని అడిగేవారు బయట పదిమంది ఉండాలి.

ఇంతకూ మియాపూర్ ఈ కార్పొరేషన్‌లోకి ఎప్పుడొచ్చింది? ఇక్కడి పాతవారికి ఇది పంచాయతీ ఊరు. రంగారెడ్డి జిల్లాలో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ అయినప్పుడు అందులో భాగమైంది. 2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ కార్పొరేషన్‌తో చుట్టుపక్కల పన్నెండు మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్‌ను చేసినప్పుడు, శేరిలింగంపల్లితో పాటు మియాపూర్ కూడా మహానగరం అయింది. 150 డివిజన్లున్న కాలంలో అది 108వది. 2017 నవంబర్ 28న దేశ ప్రధాని వచ్చి మెట్రోను ప్రారంభించింది ఈ స్టేషన్‌లోనే. పంచాయతీ ఆఫీసు అరుగు మీద సర్పంచిని నిలదీసి అడిగిన తరం ఇంకా ఇక్కడ ఉంది. వారి మనవలు గచ్చిబౌలిలో పనిచేస్తూ, వీధిదీపం వెలగకపోతే యాప్‌లో ఫొటో పెడుతున్నారు. తాతకు సర్పంచి పేరు, ఇల్లు, ఆయన ఏ పూట దొరుకుతాడో తెలుసు. మనవడికి ఫిర్యాదు నంబరు తెలుసు. ఆ నంబరు వెనక ఎవరున్నారో తెలియదు.

ఊరు పెద్దదవుతూనే ఉంది. 2025 డిసెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న మరో 27 పట్టణ స్థానిక సంస్థలను కార్పొరేషన్‌లో కలిపి, డివిజన్లను 150 నుంచి 300కు పెంచారు. జోన్లు, సర్కిళ్ల గీతలు మారాయి. మ్యాపు మారిన ప్రతిసారీ మన వీధి ఏ సర్కిల్‌లోకి వచ్చిందో, జనన ధ్రువీకరణ పత్రానికి ఏ ఆఫీసుకు వెళ్లాలో మళ్లీ తెలుసుకోవాలి. డివిజన్లు చిన్నవి కావడం మంచిదే. మనిషికి మనిషి దగ్గరయ్యే అవకాశం అందులో ఉంది. అది అవకాశంగానే మిగలకుండా చూసుకోవాలి.

ఇక్కడ పాత మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. స్వాతంత్ర్యం తరువాత హైదరాబాద్‌కు మొదటి మేయర్ అయినవారు మాడపాటి హనుమంతరావు గారు. 1951లో ఆ కుర్చీలో కూర్చునేనాటికి ఆయన పెద్దాయన. నిజాం రాజ్యంలో తెలుగువారి కోసం గ్రంథాలయాలు, ఆడపిల్లల బడి నిలబెట్టిన మనిషి. తెలంగాణ ఆంధ్రోద్యమ చరిత్రను తనే రాసిన మనిషి. గ్రంథాలయోద్యమం అంటే పుస్తకాల బీరువా మాత్రమే అనుకోకూడదు. ఊళ్లో ఒక గది, ఆ గదిలో ఒక పత్రిక, చదవడం వచ్చిన ఒకరు, వినడానికి చుట్టూ పదిమంది. లోకంలో ఏం జరుగుతున్నదో నలుగురికీ తెలియాలన్న తపన అది. అలాంటి మనిషి నగరానికి తొలి మేయర్ కావడం మాకు ఎంతో అర్థవంతంగా తోస్తుంది. పాలన గురించి తెలుసుకోవడం, పాలనలో పాల్గొనడం ఆయన జీవితంలో ఒకే పని.

1962లో మేయర్ అయిన రాణి కుముదినీదేవి ఈ నగరానికి తొలి మహిళా మేయర్. అంతకుముందే ఆవిడ కుష్ఠురోగుల కోసం కూకట్‌పల్లిలో శివానంద పునరావాస గృహం స్థాపించారు. మియాపూర్ నుంచి జాతీయ రహదారి మీద కూకట్‌పల్లి వైపు వెళ్తే ఆ చోటు దాటే పోతాం. ఎవరూ ముట్టుకోని మనుషులకు గాయాలు కడిగి కట్టుకట్టే చోటు అది. అక్కడ నేర్చుకున్నది తీసుకుని ఆవిడ నగరపాలన గదిలోకి వెళ్లారు. ఈనాడు కార్పొరేషన్ సీట్లలో సగం మహిళలవే. డ్రైనేజీ పొంగితే ముందు ఇబ్బంది పడేది వంటింట్లో ఉన్నవారే గనుక ఆ సగం వాటాకు మేం పెట్టుకున్న ఆశ చిన్నది కాదు.

అయితే మనం ఆ గదిని ఖాళీగా వదిలేసిన ఏళ్లూ తక్కువ లేవు. 1986లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగాక మళ్లీ 2002లోనే జరిగాయి. ఆ మధ్యకాలంలో చాలా ఏళ్లు ప్రత్యేకాధికారులే నగరాన్ని నడిపారు. 2007లో గ్రేటర్ ఏర్పడ్డాక కూడా రెండేళ్లకు పైగా ఎన్నికైన పాలకమండలి లేదు. 2009లో, 2016లో, 2020లో ఎన్నికలు జరిగాయి. ఆ మూడుసార్లూ ఓటు వేసినవారు సగం కన్నా తక్కువే. 2021 ఫిబ్రవరిలో మేయర్ ఎన్నికతో కొలువుదీరిన పాలకమండలికి రాజ్యాంగం ఇచ్చిన గడువు ఐదేళ్లు. పాలకమండలి లేనప్పుడు నగరాన్ని నడిపే అధికారులు సమర్థులే కావచ్చు, నిజాయితీపరులే కావచ్చు. కానీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పొద్దున ఆరింటికి తలుపు తట్టి ‘సార్, మా బస్తీలో రెండురోజులుగా నీళ్లు లేవు’ అనగలిగేది కార్పొరేటర్‌తోనే. ఐఏఎస్ అధికారి ఇంటి తలుపు తట్టడం అతని వల్ల కాదు. అందుకే ఎన్నికలు ఆలస్యమైన ప్రతి నెలా నష్టపోయేది అతనే.

ఓటు వేయనివారిని తిట్టడం సులువు. మియాపూర్‌లో ఓటరు ఎవరో కూడా ఆలోచించాలి. శ్రీకాకుళం నుంచి, కడప నుంచి, ఖమ్మం నుంచి, బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవారు. ఓటు సొంతూళ్లో, అద్దె ఇక్కడ. పండక్కి ఊరెళ్లినట్టే పంచాయతీ ఎన్నికకూ బస్సెక్కుతాడు, ఇక్కడి డివిజన్ పేరు మాత్రం అడిగితే చెప్పలేడు. పదేళ్లుగా ఇదే నీళ్లు తాగుతున్నాడు, ఇదే గుంతల్లో బండి నడుపుతున్నాడు, పిల్లను ఇదే బడిలో వేశాడు. ఊరు మీద ప్రేమ ఉండాల్సిందే. ఉన్న చోటు మీద కూడా కాస్త మమకారం కలగాలి. ఆ మమకారం పెరగాలంటే ఇక్కడ జరిగే పని అతనికి కనబడాలి, అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి.

పనులు ఒకరి చేతిలో లేకపోవడం కూడా ఒక చిక్కు. మంచినీళ్లూ మురుగునీటి పైపులూ 1989లో ఏర్పడిన జలమండలివి. కరెంటు స్తంభం ఇంకొకరిది, మెట్రో స్తంభం మరొకరిది. పెద్ద లేఔట్లు మహానగర అభివృద్ధి సంస్థ అయిన హెచ్‌ఎండీఏ చూస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు కొన్ని ఐటీ ప్రాంతాల్లో ఆస్తిపన్ను వసూలు చేసేదీ, రోడ్లు చూసేదీ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ కింది ‘ఐలా’. అందులో కొంత వాటా స్థానిక సంస్థకు ఇస్తుంది. మేమెరిగిన ఒక కాలనీలో ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా ఒక సీసీ రోడ్డు పడింది. నీళ్లు కొట్టి ఆరబెట్టే పని కాలనీవాళ్లే వంతులు వేసుకుని చేశారు. పిల్లలు దాని మీద క్రికెట్ గీతలు గీసుకున్నారు. రెండు నెలలు తిరక్కుండానే ఒక శాఖ వారు పైపు కోసం దాన్ని నడిమధ్యగా కోశారు. పైపు కావాలని అడిగిందీ కాలనీవాళ్లే, రోడ్డు కావాలని అడిగిందీ వారే. రెండు అర్జీలు రెండు ఆఫీసులకు వెళ్లాయి, రెండు ఆఫీసుల్లోనూ మంజూరయ్యాయి. ఆ రెండు కాగితాలు ఒక్కసారి ఒకే బల్ల మీద ఎదురుపడి ఉంటే ముందు పైపు పడేది, తరువాత రోడ్డు పడేది. ఆ రోడ్డు మీద కోసిన చోట వేసిన మన్ను వానకు కుంగి, ఇప్పటికీ అక్కడ బండి ఎగిరిపడుతుంది.

అలాంటి బల్ల ఒకటి ఉండాలని రాజ్యాంగం ఎప్పుడో చెప్పింది. 1993లో అమల్లోకి వచ్చిన 74వ సవరణ మూడు లక్షలు, అంతకుమించి జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఉండాలంది. పన్నెండో షెడ్యూలులో పద్దెనిమిది పనులు రాసి పెట్టింది. పట్టణ ప్రణాళిక నుంచి వీధిదీపాల దాకా, బస్‌స్టాపుల నుంచి శ్మశానాల దాకా, జనన మరణాల లెక్క నుంచి పశువుల దొడ్డి దాకా. మనిషి పుట్టినప్పుడు రాసుకునే కాగితం, పోయినప్పుడు చేర్చే వైకుంఠధామం రెండూ ఆ జాబితాలోనే ఉన్నాయి. వార్డు కమిటీలో కార్పొరేటర్‌తో పాటు పౌరసంఘాల వారు కూర్చుంటారు. కాగితం మీద ఇంత ఉంది. నెలనెలా సమావేశమై, మినిట్స్ రాసుకుని, వాటిని బయట అంటించే వార్డు కమిటీ మీ ప్రాంతంలో ఉందా అని మీకు మీరే ఒకసారి అడిగి చూసుకోండి. 2023 జూన్‌లో డివిజన్‌కొక వార్డు ఆఫీసు తెరిచారు. పారిశుద్ధ్యం, ఇంజినీరింగ్, దోమల నివారణ, టౌన్ ప్లానింగ్, జలమండలి, విద్యుత్ సిబ్బంది ఒకే చోట ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచన. మేం పైన చెప్పిన బల్ల అదే. దాన్ని వాడకంలో నిలబెట్టడం మిగిలింది.

మియాపూర్‌లో ప్రతి అపార్ట్‌మెంట్ నుంచి ఒకరో ఇద్దరో అమెరికాలో ఉన్నారు గనుక అక్కడి సంగతి ఒకటి చెప్పవచ్చు. వర్జీనియా రాష్ట్రంలో లౌడన్ కౌంటీ అని ఉంది. ఆష్‌బర్న్ అంటే మనవాళ్లందరికీ తెలుసు. మన గచ్చిబౌలిలాగే అదీ కంప్యూటర్ల మీద పెరిగిన చోటు, డేటా సెంటర్ల అడ్డా. ఆ కౌంటీని నడిపే బోర్డులో తొమ్మిదిమంది. లీస్‌బర్గ్‌లో కూర్చుంటారు. వారి ఎజెండాలోనూ మామూలు పనులే ఎక్కువ. ఫైర్ స్టేషన్‌కు సామగ్రి, పార్కుకు కంచె, రోడ్డు మలుపులో సిగ్నల్. పేచీ లేని అంశాలన్నిటినీ ఒక జాబితాగా కట్టి ఒకేసారి ఆమోదిస్తారు. అయితే ఆ జాబితా ముందే జనం చేతికి వస్తుంది. సభ్యుల్లో ఎవరికైనా సందేహం వస్తే అందులోంచి ఒక అంశాన్ని విడిగా బయటకు తీసి చర్చించవచ్చు. పౌరులు పేరు ఇచ్చి, కొన్ని నిమిషాలు మైకు ముందు మాట్లాడవచ్చు. 2025 మార్చిలో ఆ బోర్డు డేటా సెంటర్ల విషయంలో ఒక ముఖ్యమైన తీర్మానం చేసింది. కొన్ని ప్రాంతాల్లో దానంతటదే వచ్చే అనుమతిని తీసేసి, ఇకపై ఒక్కో ప్రాజెక్టూ బోర్డు ముందుకు రావాలని నిర్ణయించింది. డేటా సెంటర్ల పన్నే ఆ కౌంటీ ఆదాయంలో పెద్ద భాగం. అయినా ఇళ్ల పక్కన హోరు, కరెంటు తీగలు భరించేవారి మాట వినాలనుకున్నారు.

అమెరికాలో అంతా బాగుందని, మన దగ్గర ఏమీ లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. అక్కడా స్థానిక ఎన్నికలకు ఓటర్లు తక్కువే వస్తారు. మనకూ మంచి సంప్రదాయమే ఉంది. 1959లో పంచాయతీరాజ్ వ్యవస్థను ఆంధ్రప్రదేశ్‌లో నెహ్రూ ప్రారంభించింది ఇక్కడికి ఎంతో దూరం లేని షాద్‌నగర్‌లో. రచ్చబండ మనకు తెలుసు. గ్రామసభలో లేచి నిలబడి ‘లెక్క చెప్పండి’ అన్న రైతు మనకు తెలుసు. ఆ రైతు కొడుకు నగరానికొచ్చి అపార్ట్‌మెంట్‌లో స్థిరపడ్డాక ఆ ప్రశ్న ఎక్కడ అడగాలో తెలియక ఊరుకున్నాడు. అడిగే చోటు అతనికి చూపించాలి.

అందుకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు. స్టాండింగ్ కమిటీ, సర్వసభ్య సమావేశాల ఎజెండాలో ఆ డివిజన్‌కు సంబంధించిన అంశాలను వారం ముందే తెలుగులో, ఉర్దూలో రెండు పేజీలుగా రాసి వార్డు ఆఫీసు గోడకు అంటిస్తే చాలు. రోడ్డు విస్తరణ అయితే మ్యాపు కూడా పక్కన పెట్టాలి. తీర్మానం అయ్యాక ఎంత మంజూరైంది, కాంట్రాక్టర్ ఎవరు, ఎప్పటికి పూర్తి కావాలి అన్నవి పని జరిగే చోటే బోర్డు మీద రాయాలి. వార్డు కమిటీలు వేయాలి, వేసినవాటిని నెలకోసారి కూర్చోబెట్టాలి. కూర్చున్న రోజు పారిశుద్ధ్య కార్మికుల నుంచి ఒకరిని పిలిచి కుర్చీ వేయాలి. ఏ వీధిలో చెత్త ఎందుకు పేరుకుంటున్నదో ఆ చీపురు పట్టిన అక్కకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. గోటితో పోయే పని గొడ్డలి దాకా రాకుండా ఆపగలిగేది ఆమె చెప్పే ఒక్క మాటే. మ్యాన్‌హోల్ మూత పగిలిన రోజు చూసేది ఆమె. అందులో పిల్లవాడు పడిన రోజు చూసేది మనమందరం.

కార్పొరేటర్లకు కూడా ఒక మనవి. గెలిచిన తొలి ఏడాది చాలామంది ఉత్సాహంగా తిరుగుతారు. తరువాత శిలాఫలకాలు, ఫ్లెక్సీలు, పెళ్లిళ్లు, పరామర్శలు మిగులుతాయి. పరామర్శించడం మంచి గుణమే. దానితో పాటు ఎజెండా పుస్తకం ఒకరోజు ముందు తెరిచి, తమ డివిజన్ పేరున్న పేజీల మడత విప్పి చదివితే, ఆ పేజీల గురించి కాలనీ సంఘం వారిని ఒక్క ఫోన్‌లో అడిగితే, ఆ అంశం ‘ఆమోదమైనది’ అని రాసుకునేలోగా కనీసం ఒక తప్పు దిద్దుబాటు అవుతుంది. కొత్తగా వచ్చే 300 డివిజన్లలో గెలిచేవారు ఆ అలవాటుతోనే మొదలుపెట్టాలని కోరుకుంటున్నాం. వారికి ఓటు వేయవలసిన మనం కూడా అభ్యర్థి ఇంటికొచ్చినప్పుడు పార్టీ సంగతి కాసేపు పక్కన పెట్టి ‘మా వార్డు కమిటీ ఎప్పుడు వేస్తారు’ అని అడుగుదాం.

ఇది చదువుతున్న వారికి ఆఖరుగా ఒక చిన్న పని అప్పగిస్తున్నాం. ఈ వారం ఏదో ఒక పూట మీ వార్డు ఆఫీసుకు వెళ్లండి. మా వీధికి ఈ ఏడాది మంజూరైన పనులేమిటి, వచ్చే సమావేశానికి వెళ్తున్నవి ఏమిటి అని అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని మీ అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన నోటీసు బోర్డు మీద పెట్టండి. చదవడం రాని వాచ్‌మన్‌కు, పనమ్మకు మీరే చదివి వినిపించండి.